నల్లాకు మోటరు

వారాసిగూడలో మా గదికి సిగ్నల్
వంటింటి కిటికీ దగ్గరే ఆగిపోతుంది,
గడప దాటని మొహమాటపు చుట్టంలా.
అందుకే రాత్రి తొమ్మిదింటికి
ఫోన్‌ని రంజన్ మూత మీద పెడతాను.
లేకపోతే అరగంటలో
పెనం మీది రొట్టెలా కాలిపోతుంది.

హాట్‌స్పాట్ పెట్టగానే
ల్యాప్‌టాప్ తడుముకుంటూ వచ్చి అందుకుంటుంది.
ఇక నా పని:
ఎక్కడో ఎవరికో విరిగిన మోకాలి చిప్పకు
ఒక కోడ్ వేయడం,
ఇంకెవరి కడుపునొప్పికో ఇంకోటి.
ఫైలుకు పదకొండు రూపాయలు.

రోజుకు ఒకటిన్నర జీబీ.
సగం అయిందని ఒక మెసేజ్,
తొంభై శాతం అని ఇంకోటి,
ఆ తర్వాత నెట్ ఉంటుంది, రాదు.
దావత్‌లో ఆఖరి బంతివాళ్లకు
మటన్ ముక్క ఉన్నట్టు.

ఒక రాత్రి కరెంటు పోయి చేసేదేమీ లేక
కంపెనీ షరతులు చదివాను.
చాలా కిందికి జరిపాక, చీమ తలకాయంత అక్షరాల్లో:
ఈ ప్యాక్ డేటా హ్యాండ్‌సెట్‌లో మాత్రమే వాడవలెను,
ఫోనును మోడెముగా వాడినచో తగు చర్య తీసుకొనబడును.
తగు చర్య అంటే ఏమిటో రాయలేదు.
రాయకపోవడమే దాని బలమేమో.

కస్టమర్ కేర్ పిల్లది మెత్తని గొంతు.
"ఫోన్‌లోనే చూసుకోండి మేడమ్, ఏ సమస్యా లేదు."
"చూసుకోవడానికి కాదమ్మా, పని చేసుకోవడానికి."
కాసేపు ఆమె కీబోర్డు చప్పుడు.
నీ గదిలో ఏ నెట్ అని అడగబోయి మానేశాను.

మా పాత గల్లీ నల్లా గుర్తొచ్చింది.
రోజు విడిచి రోజు, తెల్లవారుజామున నాలుగింటికి
దగ్గుకుంటూ వచ్చే నీళ్లు.
అందరూ నల్లాకు మోటరు బిగించేవాళ్లు,
అందరూ అది తప్పే అనేవాళ్లు.
నీళ్ల ఆఫీసు బండి మలుపు తిరిగిందంటే చాలు
అమ్మ మోటరు మీద గోనెసంచి కప్పి
దాని మీద కూర్చుని
చిక్కుడుకాయల ఈనెలు తీసేది.
కింద మోటరు ఇంకా వెచ్చగానే ఉండేది.
బిల్లు కట్టాం కదయ్యా అంటే
లైన్‌మన్ అనేవాడట:
"కట్టింది నీళ్లకు, గుంజుకోవడానికి కాదు."

మరి నేను దేనికి కట్టాను?
చేతిలో ఉన్నంతసేపు నాదైన జీబీ
మూరెడు జరిగి బల్ల మీదికి పోతే
ఎవరిదవుతుంది?
వంకాయలు అమ్మిన మనిషి
ఏ గిన్నెలో వండాలో కూడా చెప్తాడా?
అనుకుంటాను. ఎవరితోనూ అనను.
మోటరు మాకూ ఉండేది, పక్కింటి బకెట్ నిండేది కాదు.
అదీ నిజమే.

నిన్న కింది పోర్షన్ నఫీసా
ఉరుక్కుంటూ పైకొచ్చింది.
కాలేజీ ఆప్షన్లు పెట్టడానికి రాత్రి పన్నెండే ఆఖరు,
వాళ్లింట్లో ఉన్న ఒక్క ఫోను
ఆటోతో పాటు కాటేదాన్‌లో ఉంది.
నా దగ్గర మిగిలింది నూటపది ఎంబీ,
రెండు ఫైళ్లు.
పాస్‌వర్డ్ చెప్పాను.

పేజీ గుండ్రంగా తిరుగుతుంటే
ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం,
నల్లా గొంతులో గాలి గుడగుడలాడేటప్పుడు
బకెట్ల ముందు కూర్చున్నట్టే.
పదకొండూ నలభై ఎనిమిదికి "సేవ్ అయినది".
నా రెండు ఫైళ్లు అట్లాగే ఉండిపోయాయి.
ఇరవై రెండు రూపాయలు.
లెక్క వేయకుండా ఉండలేను, అబద్ధం ఎందుకు.

పన్నెండు దాటాక మెట్ల మీద చెరో సగం చాయ్ తాగుతుంటే
లోపల ఫోన్ మోగింది. కంపెనీ నంబరు.
ఈ వేళప్పుడు ఎవరు చేస్తారని ఆలోచించకుండానే
లోపలికి ఉరికి
గిన్నెలు తుడిచే గుడ్డ తీసి దాని మీద కప్పేశాను.

ఏదో కాలర్ ట్యూన్ ఆఫరట, తర్వాత తెలిసింది.
గుడ్డ మాత్రం ఇంకా తీయలేదు.
నఫీసా నవ్వుతూనే ఉంది.
నేను గుడ్డ మీద చెయ్యి పెట్టి చూశాను,
కాలుతోంది.